తేలూరు శ్రుతి

నమోదు 1, సోమవారం

ఆఖరి ఉపగ్రహం నిన్న సాయంత్రం మూగబోయింది. రెండేళ్ళుగా పైన ఒకదాన్నొకటి గుద్దుకుని ముక్కలై రాలుతూనే ఉన్నాయి కాబట్టి ఆశ్చర్యం లేదు. ఆశ్చర్యపోయే తీరికా లేదు. పొద్దున్నే కొబ్బరిపీచుతో డిష్ మీది ఉప్పు తోమాను. సోలార్ పలకలు మంచినీళ్ళతో తుడిచాను. చోడి అంబలి తాగి, రేడియో ముందు కూర్చుని తేలూరును పిలిచాను.

వదిన పలికింది. పలికింది వదినేనని తెలుసుకోవడానికి కాస్త సేపు పట్టింది.

"ఇందూ! నీ గొంతేటే, బాతు అరిసినట్టున్నాది? జలుబు సేసినాదా?"

"నీదీ అలాగే ఉంది వదినా. జలుబు మనకు కాదు, రేడియోలకి."

నవ్వింది. ఆ నవ్వు కూడా బాతు నవ్వే.

ఒడ్డున మా ఊళ్ళు మునిగిపోయాక మావాళ్ళలో సగంమంది సముద్రం మీదే ఊరు కట్టుకున్నారు. డ్రమ్ముల మీద పలకలు, పలకల మీద ఇళ్ళు, నాలుగు మూలలా లంగర్లు. దీపాలకొండ మీద ఉన్న మా స్టేషన్ నుంచి చూస్తే తేలూరు కనిపించదు, నీటి వంపు కింద ఉంటుంది. మైక్రోవేవ్ తరంగం మాత్రం సముద్రం మీద పరుచుకున్న తడిగాలి పొరను పట్టుకుని అక్కడి దాకా పోతుంది. అటు రేడియో చూసుకునేది మా సుగుణ వదిన. మా అన్నయ్య గోవిందు అక్కడ లంగర్ల మేస్త్రి. మాది సర్కారు స్టేషన్ కాదు. సరదాకి హామ్ రేడియో నేర్చుకున్నవాళ్ళం. టెలిఫోన్లు పోయాక ఆ సరదాయే ఊళ్ళకు ఆధారమైంది.

గొంతు బాతులా మారడానికి కారణం శ్రుతిపెట్టె. పుస్తకాల్లో దాన్ని రిఫరెన్స్ ఆసిలేటర్ అంటారు. అది సెకనుకు కోటిసార్లు కొట్టుకుంటుంది. ఆ దెబ్బను వెయ్యింతలు చేస్తే మా తరంగం పుడుతుంది. అందుకే పెట్టెలో రవ్వంత తేడా వచ్చినా గాలిలోకి వెళ్ళేసరికి వెయ్యి రవ్వలవుతుంది. ఇన్నాళ్ళూ ఉపగ్రహాలు రెండు వైపులా పెట్టెల చెవులు పట్టుకుని ఒకే తోవలో నడిపించాయి. ఇప్పుడు చెవి పట్టేవాళ్ళు లేరు.

ఒకరి గొంతు ఒకరికి వినబడుతోంది కాబట్టి ఈ పూటకి గండం లేదు. సంకేతం సన్నబడిన రోజున మాత్రం సన్నని జల్లెడ, అంటే హోరును వడకట్టే ఫిల్టర్, పెట్టుకుని వెతకాలి. ఆ రోజు ఎక్కడ వెతకాలో తెలియకపోతే తేలూరు లేనట్టే.

నమోదు 2, మంగళవారం

భాస్కరం బాబాయ్ మధ్యాహ్నానికి కొండ ఎక్కి వచ్చాడు. చంకలో గోనెపట్టా చుట్టిన మూట. ఆయన టెలిఫోన్ శాఖలో చాలా ఏళ్ళు పనిచేసి, ఆ శాఖే లేకుండా పోయాక ఇక్కడ నాతో పాటు స్టేషన్ చూసుకుంటున్నాడు. మా చుట్టం కాదు. అయినా బాబాయే.

"ఏటి తెచ్చినానో చెప్పుకో," అన్నాడు మూట విప్పుతూ.

లోపల ఇటుకంత నల్లని డబ్బా. రుబీడియం. పడిపోయిన సెల్ టవర్ కింద దొరికిందట. దాని లోపల చిన్న దీపం వెలుగుతుంది. ఆ దీపం కాంతిలో రుబీడియం అణువులు చెప్పిన లెక్కకు డబ్బా తనను తాను సరిదిద్దుకుంటూ ఉంటుంది.

"అణువు అబద్ధమాడదు ఇందమ్మా. నీ కుంపటి క్రిస్టల్‌ని ఇన్నాళ్ళూ ఉపగ్రహం నిలబెట్టింది. ఇక అది తాగుబోతు నడకే."

కుంపటి క్రిస్టల్ అంటే మా పాత పెట్టె. లోపల స్ఫటికపు ముక్క ఉంటుంది. బయటి చలీ ఎండా తగలకుండా దాన్నొక బుల్లి కుంపటిలో ఎప్పుడూ ఒకే వేడిమీద ఉంచుతారు. నేను ఈ కొండ మీదకి రాకముందు నుంచీ ఆ కుంపటి ఆరలేదు. తేలూరులో ఉన్నదీ అలాంటిదే. ఒకసారి చల్లారితే మళ్ళీ కుదుటపడటానికి రోజులు పడుతుంది. రుబీడియం అలా కాదు, పొయ్యిమీద నీళ్ళు మరిగేలోపు సిద్ధమవుతుంది.

రుబీడియంను రేడియోకి తగిలించాం. తేలూరు నుంచి వచ్చే గుర్తు కూత, అంటే వదిన మాట్లాడనప్పుడు ఆగకుండా మోగే సన్నని సంకేతం, సరిగ్గా ఉండాల్సిన చోటే పలికింది. బాబాయ్ మీసం దువ్వుకున్నాడు. కానీ ఆ కూతలో ఏదో గరగర ఉంది, ఇసకలో ఇనపగరిట ఈడ్చినట్టు. కుంపటికి మార్చి విన్నాను. కూత కాస్త కిందికి జరిగింది కానీ నున్నగా ఉంది.

"గొంతు బాగుందని పిల్లని చేసుకుంటామా? నిజం చెప్పేదే కావాలి," అన్నాడు బాబాయ్.

"గరగరలో సన్నటి సంకేతం మునిగిపోదా బాబాయ్?"

"అంత సన్నబడినప్పుడు చూద్దాంలే."

భారమితి ముల్లు పొద్దుట్నుంచి దిగుతోంది. దక్షిణం కొండల మీదున్న హామ్‌లు ఒకరికొకరు అందించుకుంటూ ఒక కబురు పంపారు. నడిసముద్రంలో వాయుగుండం. ఇటే చూస్తోందట.

నమోదు 3, బుధవారం

మబ్బు. సోలార్ పలకల నుంచి సగం కరెంటు కూడా రావడం లేదు. బ్యాటరీ దిగిపోతోంది. రెండు శ్రుతిపెట్టెలూ వేడి కోసం కరెంటు తినేవే. రెంటినీ పోషించే పరిస్థితి లేదు, ఒకదాన్ని ఆపాలి.

ఆపే ముందు రెంటినీ పక్కపక్కన పెట్టి తెర మీద పోల్చాం. శ్రుతులు కలిస్తే తెర మీద గుండ్రటి గీత కదలకుండా నిలబడుతుంది. తేడా ఉంటే మెల్లగా దొర్లుతుంది. మా గీత నింపాదిగా ఒకే వైపు దొర్లుతోంది.

"చూశావా, నీ కుంపటి జారుతోంది," అన్నాడు బాబాయ్.

నిజమే కావచ్చు. అంతలో గీత ఒక్కసారి ఎగిరిపడి, వెర్రెత్తినట్టు తిరిగి, మళ్ళీ మామూలు నడకకు వచ్చింది.

"అదేంటి?"

"కుంపటే," అన్నాడు వెంటనే. వెంటనే అన్నాడు కాబట్టి ఆయనకూ అనుమానం ఉందనుకున్నాను.

రెండు పెట్టెలు తగవులాడుకుంటే ఎవరిది తప్పో ఆ రెంటినీ చూసి చెప్పలేం. మూడో మనిషి కావాలి. మాకు మూడో మనిషి తేలూరు కూతే. కుంపటి తగిలించి కూత వింటూ తెర చూస్తూ కూర్చున్నాం. గీత మళ్ళీ ఎగిరింది. కూత బెదరలేదు. రుబీడియంకి మార్చి మళ్ళీ కూర్చున్నాం. ఈసారి గీతతో పాటు కూత కూడా కీచుమని ఎగిరి దిగింది.

బాబాయ్ డబ్బా మూత తీసి లోపల దీపం వైపు చాలాసేపు చూశాడు. "ముసలిదైపోయింది," అన్నాడు చివరికి. "దీపం కొడిగట్టింది. వెలిగినంతసేపూ నిజమే చెబుతుంది. ఆరి వెలిగే సందులో ఏమైనా చెబుతుంది."

"అయితే ఏది ఉంచుదాం?"

"నువ్వు చెప్పు. రేపు గాలి మొదలయ్యాక రేడియో ముందు కూర్చునేది నువ్వు."

కుంపటి నిజమైన చోటు చెప్పదు. కొద్దికొద్దిగా జారుతుంది. కానీ ఎంత జారినా ఒకే వైపు జారుతుంది, నింపాదిగా జారుతుంది. దాని వెంట నేను నడవగలను. ఎప్పుడు ఎగురుతుందో తెలియనిదాని వెంట నడవలేను. పైగా కుంపటిని ఈ రోజు ఆర్పితే తుఫాను వెళ్ళిపోయేదాకా అది నాకు లేనట్టే.

"కుంపటే ఉంచుదాం," అన్నాను.

బాబాయ్ తన డబ్బా తీగ తానే పీకాడు.

నమోదు 4, గురువారం, ఉదయం

తేలూరు కూత దిగుతోంది.

నిన్న మధ్యాహ్నం ఉన్న చోటుకన్నా ఇవాళ పొద్దున పదిహేను, ఇరవై చుక్కలు కింద పలుకుతోంది. ఒక చుక్క అంటే సెకనుకు ఒక దెబ్బ. అలల మీద ఊరు ఊగుతున్నందువల్ల పైకీ కిందికీ అల్లాడుతోంది కానీ, అల్లాట తీసేసి చూసినా దిగుడు మిగులుతోంది. కుంపటి ఇంత తొందరగా జారడం నేనెప్పుడూ చూడలేదు.

ఇంకో కారణం కూడా ఉండవచ్చు. మన నుంచి దూరంగా పోతున్న రైలు కూత బొంగురుగా వినిపించినట్టే, దూరంగా పోతున్న ఊరి కూత కూడా దిగుతుంది.

వదినను పిలిచి, అన్నయ్యని మైకు దగ్గరికి రమ్మన్నాను.

"అన్నయ్యా, లంగర్లు పట్టే ఉన్నాయా?"

"ఏటలగ అడుగుతన్నావు? పొద్దున్నే నాలుగు గొలుసులూ సెయ్యేసి సూసినాను. ఈణె తీగల్లాగ బిగిసున్నాయి."

"ఊరు జరుగుతోందేమోనని."

"ఎక్కడికి జరుగుద్ది? గొలుసు తెగితే వొదులైపోవాల గదా! సెల్లీ, ఇక్కడ రెండొందల గడపలున్నాయి. ఉట్టినే బెదరగొట్టీకు."

చుట్టూ నీళ్ళు, పైన మబ్బు. చుక్కలు లేవు, ఉపగ్రహాలు లేవు, ఒడ్డు కనిపించదు. ఊరు మొత్తం ఒక్కటిగా జరుగుతుంటే ఊళ్ళో ఉన్నవాళ్ళకి తెలిసే దారేది?

నాకైనా ఏం తెలుసు? నా కుంపటి జారిందో, వాళ్ళ కుంపటి జారిందో, సముద్రం లాగిందో.

"రెండు వైపులా కొలవాలి," అన్నాడు బాబాయ్ వెనకనుంచి. నిన్నటినుంచి అదే మొదటి మాట. "టెలిఫోన్ తీగల్లో తప్పు ఏ కొసన ఉందో తెలియనప్పుడు మేం అదే చేసేవాళ్ళం. నువ్వు వాళ్ళ కూత కొలువు. నీ కూత వాళ్ళని కొలవమను. తేడా పెట్టెల్లో ఉంటే ఒకరికి కూత దిగుతుంది, రెండోవారికి ఎక్కుతుంది. నా గడియారం నీకు ముందైతే, నీది నాకు వెనకే కదా. ఊరే కదులుతుంటే..."

"ఇద్దరికీ దిగుతుంది," అన్నాను.

"ఆ."

వదినకు చెప్పాను. నేను కూత పెట్టి కూర్చున్నాను, ఆమె కొలిచింది. ఆమె పెట్టింది, నేను కొలిచాను. గాలి పెరుగుతోంది. సముద్రం మీది తడిగాలి పొర చిరిగిపోతున్నట్టుంది, సంకేతం వచ్చి పోతోంది. రుబీడియం గరగర ఉండి ఉంటే ఈపాటికి ఏమీ వినేదాన్ని కాదు. నాకు పంతొమ్మిది చుక్కలు కింద తేలింది. ఆమె లెక్క కోసం ఎదురుచూశాను. ఎక్కిందని చెప్పు వదినా, ఎక్కిందని చెప్పు అనుకుంటూ.

గొంతు అందలేదు. మోర్స్‌లో కొట్టింది, ఒక్కో అక్షరం ఆగి ఆగి.

పన్నెండు. కిందికి.

బాబాయ్ కాగితం లాక్కుని లెక్క కట్టాడు. ఆ రెండు అంకెల తేడాలో సగం, మూడున్నర, మా పెట్టెల తగవు. మిగిలిన పదిహేనున్నరా పెట్టెలది కాదు. మనిషి నింపాదిగా నడిచే వేగంలో సగం వేగంతో తేలూరు మా నుంచి దూరమవుతోంది. డిష్ చూపుతున్న దిక్కు కూడా దక్షిణానికి జరిగింది. తుఫాను ఉన్నది అటే.

నమోదు 5, గురువారం, మధ్యాహ్నం

అన్నయ్య నమ్మలేదు. కానీ నేను అడిగింది చేశాడు. తాడుకు సీసపు గుండు కట్టి ఊరి అంచు నుంచి అడుగుదాకా వదిలాడు. ఊరు కదలకుండా ఉంటే తాడు నిటారుగా ఉండాలి.

సంకేతం కాస్త కోలుకుంది. అన్నయ్యే మాట్లాడాడు.

"తాడు ఉత్తరానికి వొంగిపోతంది సెల్లీ. గుండు అక్కడే ఉండిపోనాది, మేమే దాన్నొగ్గీసి పోతన్నాం. గొలుసులు తెగనేదు. లంగర్లే బురదలో నాగలిలాగ దున్నుకుంటూ వొస్తన్నాయి. అందికే బిగిసున్నాయి."

ఊరి పెద్ద ఎర్రయ్య తాత, దాచిన అయిదో లంగరు కూడా వేద్దామన్నాడట. వేశారు. మళ్ళీ రెండు వైపులా కొలిచాం. పదిహేను కాస్తా ఎనిమిదైంది. బాబాయ్ నా భుజం తట్టాడు. కాసేపటికి పది. మళ్ళీ కొలిస్తే పదిహేను. ఆ తర్వాత ఇరవై. ఆ బురదలో ఏ లంగరూ పట్టదు.

"బోట్లెన్ని ఉన్నాయి?" అని అడిగాను.

"అందరికీ సరిపోతాయి. సామాన్లకి సాలవు." ఆగాడు. "ఇప్పుడు బయల్దేరితే గాలి ముదరకముందు ఒడ్డు సేరొచ్చు. పొద్దు పోయినాక అయితే బోట్లు బతకవు. కానీ ఊరొగ్గీయమని నా నోటితో ఎలగ సెప్పేది? ఆ పలకలు నాను కొట్టినవే. ఎర్రయ్య తాత అడుగుతన్నాడు, ఆ కొండ మీదమ్మి మాట మీద ఇల్లొగ్గీసి పొమ్మంటావేటిరా అని."

"తాతని పిలువు."

ఎర్రయ్య తాత వచ్చాడు. ఆయన దగ్గు ముందు వినిపించింది.

"అమ్మీ, నీ పెట్టె అబద్ధమాడితే?"

"నా పెట్టె, మీ పెట్టె రెండూ అబద్ధమాడొచ్చు తాతా. కానీ ఇద్దరికీ ఒకే వైపు అబద్ధం రాదు. నీ కళ్ళముందే తాడు వంగింది కదా."

"వొంగినాది."

"గంట కిందట పది, ఇప్పుడు ఇరవై. ఇంకా పెరుగుతుంది. మీరు పోతున్నది తుఫాను నోట్లోకి."

దగ్గు. వెనకాల పిల్లలెవరో ఏడుస్తున్నారు. గాలి మైకులో హోరుమంటోంది.

"నీ మేనకోడలు ఈడే ఉన్నాది. ఆ పిల్ల మీదొట్టేసి సెప్పు."

బాబాయ్ నా వైపు చూడకుండా తెర వైపే చూస్తున్నాడు. నేను తప్పయితే, ఈ గాలిలో రెండు వందల కుటుంబాలను పడవల్లోకి దింపింది నేనవుతాను.

"ఒట్టు," అన్నాను. "బయల్దేరండి తాతా."

చాలాసేపు హోరు తప్ప ఏమీ లేదు. తర్వాత వదిన గొంతు.

"దిగుతన్నారు ఇందూ. ఆఖరి బోటు మాది. నీకు ఇనబడాలని కూత ఆపకుండా ఒగ్గీసి వొస్తన్నాను. తోవలో పలకడానికి మా దగ్గిర ఏటీ ఉండదు."

నమోదు 6, శుక్రవారం

తెల్లారేసరికి కొండ కింద ఉప్పుటేరులోకి పడవలు రావడం మొదలైంది. బాబాయ్ గొడుగు ఎగిరిపోయినా లెక్కచేయకుండా ఒడ్డున నిలబడి వచ్చినవాళ్ళ పేర్లు అడుగుతూ, పైకి కేకేసి చెబుతున్నాడు. నాకు సగం వినబడలేదు. నేను దిగి వెళ్ళలేకపోయాను. బ్యాటరీ అడుగంటింది. దీపాలన్నీ ఆపి, మిగిలిన కాస్త కరెంటూ కుంపటికీ రేడియోకీ పెట్టి కూర్చున్నాను. ఎవరూ లేని ఊరి కూత వినడం ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పలేను. ఆఖరి బోటు ఇంజను పాడై వెనక్కి తిరిగి ఉంటే, ఊరెక్కడుందో చెప్పేది ఆ కూతే అనుకున్నాను. అది నాకు నేను చెప్పుకున్న కారణం.

ఎర్రయ్య తాతను ఇద్దరు మోసుకొచ్చారు. బతికే ఉన్నాడు. కొండ వైపు చూసి చెయ్యెత్తాడని బాబాయ్ చెప్పాడు. దీవించాడో తిట్టాడో తెలియలేదట.

పడవలన్నీ వచ్చాయి, ఒక్కటి తప్ప.

మధ్యాహ్నం గాలి ముదిరింది. డిష్ కాళ్ళకు రాళ్ళ మూటలు కట్టాను. తలుపు సందులోంచి వాన లోపలికి కొడుతోంది. రాయడానికి ఏమీ లేదు. అన్నయ్య లేడు, వదిన లేదు, పిల్ల లేదు. ఒట్టేసింది నేను.

నమోదు 7, శుక్రవారం, సాయంత్రం

తలుపు తోసుకుని వచ్చింది వదినే. నెత్తి మీద గోనెసంచి, చంకలో నిద్రపోతున్న మా మేనకోడలు. వాళ్ళ ఇంజను ఆగిపోతే అన్నయ్యా మరో ఇద్దరూ తెడ్లు వేసుకుంటూ దక్షిణాన రెండో ఏటి మొగలో తేలారట. అక్కడినుంచి నడిచి వచ్చారు. అన్నయ్య అరచేతులు చిట్లిపోయాయి, కింద బాబాయ్ కట్లు కడుతున్నాడు.

నేను ఏడ్చాను. వదిన ఏడవలేదు. పిల్లను నా ఒళ్ళో పడేసి, చీర కొంగు పిండుకుని, స్పీకరు వైపు తలతిప్పింది.

"అదేటే, ఆ కూత?"

"మీ ఊరే."

దగ్గరికి వచ్చి నేల మీద కూర్చుంది. కూత ఇప్పుడు సన్నగా ఉంది. అల్లాడుతోంది, అల్లాడుతూనే దిగుతోంది. లంగర్లు అడుగు తగలనంత లోతుకు పోయి ఉంటాయి.

"ఎంత జోరుగా పోతన్నాది?"

"మనిషి గబగబా నడిచినంత."

"ఇల్లున్నాదంటావా?"

"కూత ఉంది కాబట్టి రేడియో గది ఉంది. దాని పక్కదే కదా మీ ఇల్లు."

తల ఊపింది. ఇద్దరం విన్నాం. కూత దిగేకొద్దీ నేను జల్లెడను దానితో పాటు కిందికి జరుపుతూ పోయాను. ఒకసారి హోరులో మునిగింది, మళ్ళీ తేలింది. పిల్ల నిద్రలో కదిలితే వదిన చెయ్యి చాచి జోకొట్టింది. ఆ తర్వాత కూత మళ్ళీ మునిగింది. జల్లెడను ఇంకా కిందికి జరిపాను. పైకి తెచ్చాను. మళ్ళీ కిందికి. హోరు తప్ప ఏమీ లేదు.

"పోనాదా?" అంది వదిన.

"పోయింది."

పిల్ల తడి జుట్టును కొంగుతో తుడిచింది. తర్వాత నా వైపు తిరిగి, ఇరుగుపొరుగుతో చెప్పుకునే మాటలా అంది:

"పప్పు నానబోసీసి వొచ్చీసినాను ఇందూ. గారెలొండుదామని."